మంచమును మోసిన నలుగురు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: మార్కు సువార్త 2వ అధ్యాయము, 1 నుండి 12 వచనములు

   ఈ ప్రసంగమును ఇంటి పనుల మధ్య వినేవారున్నారు, ప్రయాణములో వినేవారున్నారు. అయితే ఈ రోజు నేను ముఖ్యముగా మంచము మీద పడుకొని వింటున్నవారితోను, ఆ మంచము ప్రక్కన కూర్చుని వింటున్నవారితోను మాట్లాడాలని ఆశపడుతున్నాను. మిగిలినవారు కూడా దయచేసి వినండి. ఎందుకంటే ఈ మాటలలో ఎక్కువ భాగము మనకోసమే.

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని సంగతి మీకందరికీ తెలిసినదే. ఆదివారపు బడి పిల్లలు కూడా చెబుతారు. ప్రభువు కపెర్నహూములో ఒక ఇంట ఉన్నాడు. వాకిట కూడా చోటు లేనంతగా జనము కూడివచ్చారు. ఒక పక్షవాయువు రోగిని నలుగురు మనుష్యులు మోసుకొని వచ్చారు. లోపలికి దారి లేదు. వాళ్ళు ఇంటి పైకెక్కి, కప్పు విప్పి, రోగి ఉన్న పరుపును ప్రభువు ఎదుటికి దించారు. ఐదవ వచనములో సువార్తికుడు ఒక మాట వ్రాశాడు. ప్రభువు ఎవరి విశ్వాసము చూశాడట? రోగి విశ్వాసము అని వ్రాయలేదు. వారి విశ్వాసము చూశాడు. ఆ "వారి" అనే మాటలో మోసుకొచ్చిన నలుగురూ ఉన్నారు.

ఈ ఒక్క మాటను నేను చాలా సంవత్సరములు చదివాను, చాలాసార్లు దానిపై ప్రసంగించాను. కాని అది నాకు అర్థమైనది బైబిలు కళాశాలలో కాదు. ఒక రేకుల ఇంటిలో, ఒక మంచము ప్రక్కన. ఆ సంగతి మీతో చెప్పుకోవాలి. అందులో నాకు ఘనత ఏమీ లేదు, సిగ్గే ఉంది. అయినా చెబుతాను.

నేను సెమినరీ ముగించి పరిచర్యలో ప్రవేశించిన మూడవ సంవత్సరము. మా సంఘములో ఒక సహోదరుడు ఉండేవాడు. ఇండ్లకు రంగులు వేసే పని. వయస్సు ముప్పై రెండు. ఇద్దరు ఆడపిల్లలు. ఒక రోజు మూడవ అంతస్తులో గోడకు రంగు వేస్తుండగా పరంజా కట్టిన త్రాడు తెగి క్రింద పడ్డాడు. ప్రాణము దక్కింది. కాని నడుము దగ్గర వెన్నుపూస విరిగి, దాని లోపలనున్న వెన్నుపాము నలిగిపోయింది.

వెన్నుపాము అంటే ఏమిటో అందరికీ తెలియకపోవచ్చు. మెదడు నుండి వెన్నెముక లోపలగా క్రిందికి దిగే నరముల కట్ట అది. ఇంచుమించు మన చిటికెన వ్రేలంత లావు ఉంటుంది. కాలు కదలమని మెదడు పంపే ఆజ్ఞ దాని గుండానే వెళ్తుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు దాని గుండానే పైకి వస్తుంది. అది తెగితే రెండు కబుర్లూ ఆగిపోతాయి. కాళ్ళు కదలవు, నొప్పి తెలియదు, మూత్రము మీద మలము మీద అదుపు ఉండదు. ఎముకను డాక్టర్లు రాడ్లు వేసి నిలబెట్టగలరు. నలిగిన వెన్నుపామును మునుపటివలె చేయగల ఆపరేషన్ ఈ రోజు వరకు లేదు.

ఆసుపత్రిలో మూడు వారములు ఉంచి పంపించారు. పంపించిన రోజు మేము సంఘమంతా కలిసి వాళ్ళింటి దగ్గర కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాము. గండము గడిచింది అనుకున్నాము. ప్రియులారా, వెన్నుపాము దెబ్బ తిన్నవారి విషయములో గాని, పక్షవాతము వచ్చినవారి విషయములో గాని, మనము చేసే మొదటి పొరపాటు ఇదే. డిశ్చార్జి అయిన రోజును ముగింపు అనుకుంటాము. నిజానికి అసలు పని మొదలయ్యేది ఆ రోజే.

ప్రతి శుక్రవారము సాయంత్రము నేను ఆ ఇంటికి వెళ్ళేవాడిని. మంచము ప్రక్కన నిలబడి, తల మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థించేవాడిని. ఈ వారము లేస్తావు అని చెప్పేవాడిని. విశ్వాసులు కూడా వచ్చేవారు, పాటలు పాడేవారు. అలా ఏడు వారములు గడిచాయి. ఏడవ శుక్రవారము ప్రార్థన ముగించి ఆమేన్ అన్నాను. చెప్పులు వేసుకోబోతుంటే ఆ సహోదరుని భార్య గుమ్మము దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, ఏమనుకోకండి. ఈయన్ని ఆ ప్రక్కకు తిప్పాలి. పొద్దుటి నుంచి ఒక్కదాన్నే తిప్పుతున్నాను, నడుము పట్టేసింది. పోయేలోపు ఒక చెయ్యి వేస్తారా?" అంది.

నేను లోపలికి వెళ్ళాను. ఎలా పట్టుకోవాలో తెలియక భుజము పట్టుకొని లాగబోయాను. "లాగకండి అయ్యగారూ, తోలు ఒరుసుకుపోద్ది" అని ఆమె నా చేతులు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఇద్దరము కలిసి ఆయనను ప్రక్కకు తిప్పాము. అప్పుడు చూశాను. నడుము క్రింద, కూర్చునే చోటికి పైన, అరచేయంత పుండు. మధ్యలో ఎముక తెల్లగా కనబడుతోంది.

ఏడు వారములు ఆ ఇంటికి వెళ్ళాను. ఆ మనిషి ముఖము చూశానే గాని వీపు చూడలేదు. ఆ గదిలో వాసన తెలిసేది. పేదవారి ఇల్లు, గాలి ఆడదు, అందుకే అనుకున్నాను. నేను గ్రీకు భాష నేర్చుకున్నాను, హెబ్రీ భాష నేర్చుకున్నాను. మంచము మీదనున్న సహోదరుని తిప్పడము నాకు నాలుగో తరగతి చదివిన ఆ సహోదరి నేర్పించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ప్రియ శ్రోతలారా, ఆ పుండు ఎందుకు పడుతుందో గమనించండి. మనము నిద్రలో కూడా తెలియకుండానే ఎన్నోసార్లు అటు ఇటు దొర్లుతాము. ఒత్తిడి తగిలిన చోట నొప్పి పుడుతుంది, నొప్పి మనల్ని కదిలిస్తుంది. నొప్పి కూడా దేవుడిచ్చిన కాపలాదారే. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ కాపలాదారు లేడు. ఒకే చోట బరువు ఆనితే అక్కడికి రక్తము అందక చర్మము, కండ చనిపోతాయి. అదే పడక పుండు. దాని నుండి విషము రక్తమునకు ఎక్కితే ప్రాణము పోతుంది. మూత్రము సరిగా పోకపోతే కిడ్నీలు చెడతాయి. ఈ రోగులు చాలామంది చనిపోయేది దెబ్బ వలన కాదు, తరువాత వచ్చే ఈ రెండింటి వలన.

ఒకప్పుడు ప్రపంచమంతటా ఇదే పరిస్థితి. యుద్ధములో వెన్ను విరిగిన సైనికుడు ఎక్కువ కాలము బ్రతకడని వైద్యులు కూడా ఆశ వదులుకునేవారు. లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు జర్మనీలో పుట్టిన యూదుడు. నాజీల హింస నుండి తప్పించుకొని 1939లో కుటుంబముతో ఇంగ్లండు చేరాడు. 1944లో స్టోక్ మాండెవిల్ అనే చోట వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసము ఒక వార్డు తెరిచాడు. అక్కడ ఆయన పట్టుబట్టి పెట్టిన నియమము ఏమిటో తెలుసా? ప్రతి రోగిని పగలనక రాత్రనక రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి. చూడటానికి చిన్న పని. దానితో పాటు మూత్రపు సంచి విషయములో శుభ్రత, వ్యాయామము, చేతికి ఒక పని. చనిపోతారనుకున్నవారు బ్రతికారు. 1948లో లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఆ ఆసుపత్రి ఆవరణలో వీల్ చెయిర్లలో కూర్చున్న 16 మంది విలువిద్య పోటీలో పాల్గొన్నారు. ఈ రోజు మనము టీవీలో చూసే పారాలింపిక్స్ ఆ మొక్క నుండి పెరిగిన చెట్టే.

మా సహోదరుని సంగతికి వస్తాను. ఆయనను మరల ఆసుపత్రిలో చేర్చాము. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. ఒక సాయంత్రము నేను ప్రక్కన కూర్చుని ఉండగా ఆయన పైకప్పు వైపు చూస్తూ, "అయ్యగారూ, నా విశ్వాసము చాలకే నేను లేవలేదా?" అని అడిగాడు. సంఘములో ఎవరో ఆ మాట అన్నారట. ఆ మాట అన్నవారిని నేను గద్దించలేకపోయాను. ఎందుకంటే ఆ విత్తనము నేను వేసినదే. వారము వారము "లేస్తావు" అని చెప్పి వెళ్ళినవాడిని నేనే గదా! లేవకపోతే తప్పు ఎవరిదని ఆయన అనుకోవాలి?

అప్పుడు ఆ ఐదవ వచనము నాకు జ్ఞాపకము వచ్చింది. "లేదయ్యా. ప్రభువు నీ విశ్వాసానికి ముందు మోసేవారి విశ్వాసము వెదికాడు. ఇక్కడ తక్కువైనది మాది" అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నా చెయ్యి పట్టుకున్నాడు.

యోహాను సువార్త ఐదవ అధ్యాయములో బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై యెనిమిది ఏండ్లుగా వ్యాధితో పడియున్న మనిషి ఉన్నాడు. స్వస్థపడగోరుచున్నావా అని ప్రభువు అడిగినప్పుడు, అతడు తన రోగము పేరు చెప్పలేదు. నన్ను కోనేటిలోనికి దించే మనిషి లేడు అన్నాడు. ముప్పై యెనిమిది సంవత్సరముల దుఃఖమంతా ఆ మాటలో ఉంది. మన సంఘములో ఎవరైనా ప్రభువు దగ్గర ఆ మాట చెప్పుకుంటున్నారా? ఆలోచించండి.

స్వస్థత మీద నాకు నమ్మకము లేదని దయచేసి అనుకోకండి. కపెర్నహూములో పక్షవాయువు రోగిని లేపిన ప్రభువు నేడును జీవించుచున్నాడు. ఒక్క మాటతో లేపగల శక్తి ఆయనకుంది. అయితే ఒక్క మాటతో లేపడము ఆయన పని. మోయడము మన పని. మన పని మానుకొని, ఆయన పని ఆలస్యమైందని రోగిని నిందించడము విశ్వాసము కాదు.

ప్రభువు కొందరిని లేపి నడిపిస్తాడు, కొందరిని కూర్చుండబెట్టి నడిపిస్తాడు. మన చిత్తూరులో బస్సెక్కితే గంటలో చేరే వేలూరు మీకు తెలుసు. కాట్పాడి స్టేషనులో దిగి అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళే తెలుగువారు ప్రతి రోజూ ఉంటారు. అక్కడ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేది. కేరళకు చెందిన క్రైస్తవ కుటుంబము. 1954లో కారు ప్రమాదములో ఆమె వెన్నుపాము దెబ్బతిన్నది. వయస్సు ఇంకా ముప్పై నిండలేదు. నడుము క్రింద చచ్చుబడిపోయింది, ముఖము మీద కూడా గాయములు. ఇక డాక్టరుగా తన పని ముగిసిందనుకుంది. అయితే కుష్ఠు రోగుల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసే డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెను ప్రోత్సహించాడు. చేతికి చేసే ఆపరేషన్ కూర్చుని చేయవచ్చు గదా! ఆమె వీల్ చెయిర్లో కూర్చుని ఆ రోగుల చేతులను బాగు చేసింది. తరువాత న్యూయార్కు వెళ్ళి పునరావాస వైద్యము నేర్చుకొని వచ్చి, ఆ విభాగమునకు అధిపతి అయింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రము ప్రారంభమైంది. రోగులను చేర్చుకొని ఉంచి ఈ వైద్యము చేసే కేంద్రములలో మన దేశములో అదే మొదటిది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ప్రియులారా, ఆమె నడవలేదు. కాని ఆమె వలన ఎందరు లేచి కూర్చున్నారో, ఎందరు తిరిగి తమ ఇంటి పనిలో, తమ వృత్తిలో ప్రవేశించారో!

పునరావాసము అనగానే మనకు డ్యాము కట్టినప్పుడు మునిగిన ఊళ్ళ సంగతి జ్ఞాపకము వస్తుంది. ఇక్కడ కూడా అర్థము అటువంటిదే. ఒక మనిషి తన సొంత శరీరములో తిరిగి కాపురము పెట్టుకోవడము. మా సహోదరుడు కూడా పుండు మానిన తరువాత ఒక పునరావాస కేంద్రములో రెండు నెలలు ఉన్నాడు. అక్కడ ఏమి నేర్పారు? మంచము మీద నుండి కుర్చీలోనికి తానే మారడము. కూర్చున్నప్పుడు మధ్యమధ్యలో చేతుల మీద బరువు మోపి నడుము పైకెత్తడము. సన్నని గొట్టముతో వేళ ప్రకారము తానే మూత్రము తీసుకోవడము. రోజూ అద్దము పెట్టుకొని తన వీపు తాను చూసుకోవడము. నేను ఏడు వారములు చూడని వీపును ఆయన ఇప్పుడు ప్రతి ఉదయము చూసుకుంటాడు.

ఇక పక్షవాతము సంగతి. మన బైబిలులో పక్షవాయువు అని ఉంది, ఊళ్ళలో పక్షవాతము అంటాము, డాక్టర్లు స్ట్రోక్ అంటారు. మెదడుకు వెళ్ళే రక్తనాళము మూసుకుపోయినా, చిట్లినా ఇది వస్తుంది. మూతి ఒక ప్రక్కకు పోయినా, ఒక చెయ్యి పైకెత్తలేకపోయినా, మాట తడబడినా క్షణము ఆలస్యము చేయకండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణముగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. స్కానింగు తీయనిదే అది మూసుకుపోవడమో చిట్లడమో తెలియదు. పావురము రక్తము పూయడము, పసరు పోయడము అంటూ ఆ గంటలు పోగొట్టుకోవద్దు. ప్రార్థన కోసము పాస్టరుగారిని పిలవండి, కాని ఇంటికి కాదు, ఆసుపత్రికి పిలవండి. నేను కూడా దారిలోనే ప్రార్థిస్తూ వస్తాను.

ప్రాణము నిలిచిన తరువాత మెదడు తిరిగి నేర్చుకుంటుంది. చనిపోయిన భాగము తిరిగి బ్రతకదు గాని, ప్రక్క భాగములు ఆ పనిని కొంత కొంతగా అందుకుంటాయి. మొదటి మూడు నెలలలో ఈ మార్పు త్వరగా జరుగుతుంది. తరువాత నెమ్మదిగా జరిగినా ఆగిపోదు. అందుకే వ్యాయామము మరల మరల చేయిస్తారు. చెంచా పట్టుకోవడము వందసార్లు, కుర్చీలో నుండి లేవడము వందసార్లు. ఇది విసుగు పుట్టించే పని. నూరవ చెంచా దగ్గర రోగికి కోపము వస్తుంది, చేయించేవారికి కన్నీళ్ళు వస్తాయి. అక్కడే మరొక మనిషి కావాలి.

మా సంఘములో ఒక టీచరమ్మ ఉన్నారు. ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠము చెప్పిన నోరు. స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, మాట పోయాయి. పరామర్శకు వెళ్ళినవారు చెవిటివారితో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవారు, లేదా చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. ఆమె ముఖము గోడ వైపు తిప్పుకునేది. ఆమెకు వినబడుతుంది, అర్థమవుతుంది. మాట మాత్రము దొరకదు. ఒక రోజు స్త్రీల కూడికలో అందరూ ఆమెకు ఇష్టమైన పాట ఎత్తుకున్నారు. రెండవ చరణములో ఒక గొంతు కలిసింది. టీచరమ్మ పాడుతోంది! మాట రాని మనిషి చరణమంతా పాడింది. అక్కడున్నవారు పాట ఆపి ఏడ్చారు, ఆమె మాత్రము ఆపలేదు. తరువాత డాక్టరును అడిగితే, మాటలకు ముఖ్యముగా మెదడు ఎడమ భాగము పని చేస్తుందని, రాగము విషయములో కుడి భాగము కూడా సహాయపడుతుందని, అందుకే మాట పోయిన కొందరు తమకు బాగా తెలిసిన పాట పాడగలుగుతారని చెప్పాడు. ఆ రోజు నుండి ప్రతి మంగళవారము ఇద్దరు సహోదరీలు పాటల పుస్తకము పట్టుకొని వాళ్ళింటికి వెళ్తున్నారు. ఆమెకు మాట పూర్తిగా రాలేదు. పది పదిహేను మాటలు వచ్చాయి. మొదట వచ్చినది ఆమె మనవడి పేరు.

శ్రోతలలో కొందరు, ఇదంతా కుటుంబము వారి బాధ్యత గదా అనుకోవచ్చు. ఒక సంగతి చెబుతాను. మన దేశములో 14 ఆసుపత్రులలో 1250 మంది స్ట్రోక్ రోగుల మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. కొందరి కుటుంబ సభ్యులకు ఇంటి దగ్గర వ్యాయామము చేయించే పద్ధతి నేర్పారు. 2017లో ఫలితము ప్రచురించారు. ఆరు నెలల తరువాత చూస్తే, అలా నేర్పిన కుటుంబములలోని రోగులు మిగిలినవారికంటే మెరుగుగా ఏమీ లేరు. ఇంటివారికి ప్రేమ లేక కాదు. ఫిజియోథెరపీ చేసేవారి చేతిలోని నైపుణ్యము కొద్ది రోజులు చూసి నేర్చుకునేది కాదేమో అని నాకు అనిపిస్తుంది. సంఘము చేస్తే ఫలితము మారుతుందని ఆ పరిశోధన చెప్పలేదు, నేనూ చెప్పను. కాని వంట, పిల్లలు, కూలి పని, వీటన్నిటి మీద ఈ బరువు కూడా ఒక్క స్త్రీ నెత్తిన పెట్టి మనము చేతులు దులుపుకోవడము న్యాయమా? ఆ మంచమునకు నలుగురు ఉన్నారు. ఒక్కరే ఉంటే ఆ మంచము కప్పు మీదికి ఎక్కేదా?

మా సంఘములో అప్పుడు ఒక వంతుల పట్టిక వేసుకున్నాము. ఆయన ఇంటికి వచ్చిన తరువాత రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు గంటలకు తిప్పాలి. వారములో నాలుగు రాత్రులు యౌవనస్థులు ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళేవారు. అంతకు ముందు ఫిజియోథెరపిస్టును పిలిపించి ఎలా తిప్పాలో నేర్చుకున్నారు. ఆ సహోదరి తరువాత సాక్ష్యములో, "ఆ నాలుగు రాత్రులే నేను నిద్రపోయాను" అని చెప్పింది. ఉపవాస ప్రార్థనలకు రాని కుర్రవాళ్ళు కూడా రెండు గంటల వంతుకు వచ్చారు. వాళ్ళ ప్రార్థన అదేనని నేను నమ్ముతున్నాను.

తరువాత ఆయన ఆరాధనకు రావాలన్నాడు. మందిరమునకు మూడు మెట్లు. మొదటి వారము నలుగురు కుర్చీతో సహా ఎత్తారు. అందరూ సంతోషించారు, ఆయన మాత్రము తల దించుకున్నాడు. యౌవనస్థులు సిమెంటుతో ఒక వాలు కట్టారు. పొట్టిగా, నిటారుగా కట్టారు. వీల్ చెయిరు సగము ఎక్కి వెనక్కి జారింది. విచారిస్తే, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని తెలిసింది. మా మెట్ల ఎత్తు అడుగున్నర. అంటే పద్దెనిమిది అడుగులు. పగులగొట్టి మరల కట్టాము. కపెర్నహూములో నలుగురు ఒకరి ఇంటి కప్పు విప్పారు. మేము మా గడపను మార్చాము, అంతే. ఇప్పుడు ఆ వాలు మీద ముసలివారు, పిల్లల తల్లులు కూడా నడుస్తున్నారు. ఆయన తానే చక్రములు త్రిప్పుకుంటూ లోపలికి వస్తాడు. ఇంటి ముందు చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది.

రెండవ సమూయేలు తొమ్మిదవ అధ్యాయములో మెఫీబోషెతు ఉన్నాడు. ఐదేండ్ల వయస్సులో దాది ఎత్తుకొని పరుగెత్తుతుండగా పడి కుంటివాడయ్యాడు. దావీదు రాజు అతనికి భూమి తిరిగి ఇప్పించాడు, దానిని సాగు చేయడానికి పనివారిని ఏర్పరచాడు, రాజకుమారులతో పాటు తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. ఆ అధ్యాయపు చివరి మాట ఏమిటో తెలుసా? అతని కాళ్ళు రెండును కుంటివే. అధ్యాయము ముగిసేసరికి కాళ్ళు బాగుపడలేదు, అయినా అతడు బల్ల దగ్గర ఉన్నాడు. బల్ల క్రింద ఏ కాళ్ళు ఎలా ఉన్నాయో ఎవరికీ కనబడదు.

ప్రియ సంఘమా, ఈ వారము నాలుగు పనులు చేయండి. మొదటిది, మీ సంఘములో ఆదివారము ఖాళీగా ఉంటున్న చోటు ఎవరిదో చూడండి. రెండవది, ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ప్రార్థనకు ముందే, "అమ్మా, ఏమి చేయమంటావు?" అని అడగండి. బల్ల మీద పండ్లు పెట్టి రావద్దు. రోగిని పడుకోబెట్టి నోటిలో నీళ్ళు పోయవద్దు, పొరబోతుంది. చచ్చుబడిన చెయ్యి పట్టుకొని లేపవద్దు, భుజము జారుతుంది. మూడవది, కాగితముల పని తెలిసినవారు ఆ పని చేయండి. సదరం సర్టిఫికెట్ అయినా, యూడీఐడీ కార్డు అయినా, దాని కోసము ఆఫీసుల చుట్టూ తిరగడము మంచము విడిచి రాలేని ఇంటికి ఎంత కష్టమో ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మంచానికి, వీల్ చెయిరుకు పరిమితమైన పక్షవాత రోగులకు నెలకు 15,000 రూపాయల పింఛను ప్రకటించారు. అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టేవారు లేక పోగొట్టుకోకూడదు. నాలుగవది, మొదటి నెలలో అందరూ వెళ్తారు. మీరు ఆరవ నెలలో వెళ్ళండి.

మంచము మీద వింటున్న నా సహోదరుడా, సహోదరీ, నీవు లేవకపోవడము నీ విశ్వాసమునకు కొలత కాదు. ఈ రోజు చెంచా నోటి దాకా వచ్చిందా? ప్రభువు దానిని చూశాడు. కోపము వస్తే ఆయనకే చెప్పు. కీర్తనకారులు చెప్పుకున్నారు. మనస్సు పూర్తిగా క్రుంగిపోతే డాక్టరుకు కూడా చెప్పు. స్ట్రోక్ తరువాత అలా క్రుంగడము జబ్బులో భాగమే, దానికి మందు ఉంది. మంచము ప్రక్కన కూర్చున్న తల్లీ, నీవు అలసిపోయావని ఒప్పుకోవడము పాపము కాదు. సహాయము అడుగు. మా సంఘములో ఒక సహోదరి గుమ్మము దగ్గర ఆ ఒక్క మాట అడిగినందుకే ఒక పాస్టరు మారాడు.

ప్రార్థించుకుందాం. కృపగల మా పరలోకపు తండ్రీ, ఈ సమయములో మంచము మీదనున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వారిని తిప్పుతున్న చేతులకు బలము దయచేయుము. చూడకుండా ప్రార్థించి వెళ్ళిపోయిన మా పాపమును క్షమించుము. నీవు లేపువరకు మోసే ఓర్పును, నీవు లేపకపోయినను విడువని ప్రేమను మా సంఘములకు అనుగ్రహించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుని సమాధానము మీకు తోడైయుండును గాక.